సైకిల్ పక్కన కుక్క: సామాను తర్వాత, ముందు ఎండ సంగతి, వీధికుక్కల సంగతి

మీ ప్రశ్న ఇదీ: రెండేళ్ల ఇండీ (మన నాటు జాతి) మగకుక్క, 18 కిలోలు, ఎంత నడిపించినా దాని ఉత్సాహం తీరడం లేదు. మీరు రోజూ పొద్దున హైదరాబాద్ దగ్గరి కీసర వైపు గంటసేపు సైకిల్ తొక్కుతారు. దాన్నీ వెంట తీసుకెళ్లొచ్చా, లీష్ (కుక్కని పట్టుకునే తాడు) హ్యాండిల్‌కి కట్టొచ్చా, ఎంత దూరం పరిగెత్తించాలి, దారిలో వీధికుక్కలు మీద పడితే ఏం చేయాలి అని అడిగారు. ఇంట్లో ఉన్న షిట్జు గురించి కూడా అడిగారు, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

తీసుకెళ్లొచ్చు. నిజానికి ఈ పనికి ఇండీ కంటే తగిన కుక్క మన దగ్గర తక్కువ. సన్నటి ఒళ్లు, పొట్టి బొచ్చు, పొడుగు కాళ్లు, మన వాతావరణానికి పుట్టుకతోనే అలవాటు. అయితే మీరిప్పుడు తొక్కే గంట రైడ్‌కి దాన్ని జత చేద్దామనుకుంటే మాత్రం కుదరదు. మీ రైడ్ వేరు, దాని పరుగు వేరు. ముందు దాన్ని పరిగెత్తించి ఇంట్లో దించేసి, తర్వాత మీ గంట మీరు తొక్కుకోండి. రెండూ ఒకేసారి అయిపోవాలనుకున్నవాళ్ల కుక్కలే కుంటుతూ డాక్టరు దగ్గరికి వస్తుంటాయి.

యూట్యూబ్‌లో ఈ విషయం మీద వీడియోలు బోలెడు ఉన్నాయి. దాదాపు అన్నీ యూరప్, అమెరికా వాళ్లవి, దాదాపు అన్నిట్లో మాట్లాడేది సామాను గురించే, అంటే కుక్కని సైకిల్‌కి తగిలించే కడ్డీ, పట్టీల లాంటివాటి గురించే. వాళ్లకది సరిపోతుంది. జర్మనీ రోడ్డు నిబంధనల్లో సైకిల్ మీద కూర్చుని పక్కన నడిపించుకు వెళ్లడానికి అనుమతి ఉన్న జంతువు కుక్క ఒక్కటే అని రాసి మరీ ఉంది. అంటే అక్కడ అది అంత మామూలు విషయం. చల్లటి గాలి, వీధికుక్కలు లేని రోడ్లు వాళ్లవి. మనకి ఆ రెండూ లేవు. కాబట్టి మన దగ్గర ఎండకీ వీధికుక్కలకీ జవాబు దొరికాకే సామాను కొనాలి. చాలామంది ముందు నాలుగైదు వేలు పెట్టి కొనేసి, తర్వాత దాన్ని బాల్కనీలో పడేస్తున్నారు.

ఎండ సంగతి ముందు చెబుతాను. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింద కాస్త చెమ్మ తప్ప, వేడి దించుకోవడానికి దానికున్న ముఖ్యమైన దారి రొప్పడమే. నోట్లో, నాలుక మీద, ముక్కులో ఉండే తడి ఆవిరవుతుంటే లోపలి వేడి తగ్గుతుంది. గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఆ తడి సరిగా ఆవిరవదు. అందుకే పొడిగా ఉన్న హైదరాబాద్‌లో 29 డిగ్రీల పొద్దున్నకీ, ఉక్కపోసే కాకినాడలో అదే 29కీ కుక్క విషయంలో చాలా తేడా ఉంటుంది. కోస్తాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఫోన్లో డిగ్రీలు మాత్రమే చూసి బయల్దేరకండి, పక్కన తేమ శాతం కూడా చూడండి.

సైకిల్ మీద మనకి ఇంకో మోసం జరుగుతుంది. మొహానికి గాలి తగులుతుంటుంది, హాయిగా ఉంటుంది. గంటకి 12 కిలోమీటర్ల వేగం మనకి పని కింద లెక్కే కాదు. పక్కన ఉన్నదానికి అదే అసలు కష్టం. పైగా కుక్క తనంతట తాను ఆగదు. మీరు పోతున్నంతసేపు వస్తూనే ఉంటుంది. ‘అది ఎంజాయ్ చేస్తోంది, ఆగనంటోంది’ అని చెప్పేవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోవాలి. ఎప్పుడు ఆపాలో చూసుకోవాల్సింది మీరు.

ఎలా తెలుస్తుంది? పక్కన సమంగా వస్తున్న కుక్క వెనకబడి లీష్ వెనక్కి లాగుతోందంటే పరుగు అక్కడితో సరి. నాలుక బాగా బయటికి సాగి, చివర వెడల్పయి పైకి వంకర తిరగడం, చొంగ చిక్కగా తీగలా సాగడం, చిగుళ్లు ముదురు ఎరుపెక్కడం, నీడ కనిపిస్తే అటు లాగడం, ఇవన్నీ దిగి నడవమని చెప్పే గుర్తులు. కాళ్లు తడబడుతున్నాయంటే అది ఎమర్జెన్సీ. కుక్కకి మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. 106 దగ్గరికి వెళ్లిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. అప్పుడు చేయాల్సింది వెంటనే నీడకి చేర్చి, చేతిలో ఉన్న నీళ్లు పొట్ట మీద, చంకల్లో, తొడల సందుల్లో, ఒళ్లంతా పోసి, దేనితోనైనా విసరడం. తడి టవల్ కప్పి వదిలేయొద్దు, అది కాసేపటికి వేడెక్కి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు. చల్లబరుస్తూనే ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. లేచి తోక ఊపినా సరే తీసుకెళ్లాల్సిందే, ఎందుకంటే కిడ్నీలకి, రక్తం గడ్డకట్టే గుణానికి జరిగే నష్టం కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది.

రోడ్డు వేడి ఇంకో సంగతి. గాలి 30 డిగ్రీలు ఉన్నప్పుడే ఎండ పడే తారు 50 దాటిపోతుంది. సాయంత్రం ఆరయింది కదా, ఎండ పోయింది కదా అని వేసవిలో బయల్దేరేవాళ్లు చాలామంది. రోజంతా తాగిన వేడిని తారు రాత్రిదాకా వదులుతూనే ఉంటుంది. అరచేయి వెనక్కి తిప్పి రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే కుక్కని ఆ రోడ్డు మీద దింపొద్దు. నా మాటంటారా, మార్చి రెండోవారం నుంచి తొలకరి పడేదాకా సైకిల్ పరుగు పూర్తిగా బంద్. పొద్దున్నే అయిదింటికి నడక చాలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మనకి అసలైన సీజన్. ఆ నాలుగు నెలలు వాడుకోండి.

ఇక వీధికుక్కలు. మీకు నిజంగా టెన్షన్ పెట్టాల్సింది ఇదే.

వీధికుక్కల గుంపుకి ఒక హద్దు ఉంటుంది. అది మనకి కనిపించదు గానీ, మీ కుక్క ప్రతి కరెంటు స్తంభం దగ్గరా వాసన చూసి చదువుకుంటుంది. ఒంటరిగా సైకిల్ మీద పోతున్నప్పుడే అవి వెంటపడతాయి కదా, పక్కన పరాయి కుక్క ఉంటే ఇక చెప్పేదేముంది. మామూలుగా రెండు కుక్కలు ఎదురుపడితే ఒకటి తల తిప్పుకుంటుంది, పక్కకి తప్పుకుంటుంది, తోక ముడుస్తుంది, గొడవ లేకుండా పోతుంది. సైకిల్‌కి కట్టి ఉన్న కుక్కకి ఆ అవకాశం లేదు. తప్పుకోలేదు, పారిపోలేదు. మీరు వేగం పెంచితే వాటికి ఇంకా ఊపు వస్తుంది.

అందుకే రూటు ముందు ఖాయం చేసుకోండి. కుక్క లేకుండా, అదే టైముకి, కొన్ని రోజులు ఆ దారిలో తిరిగి చూడండి. చికెన్ షాపులు, టిఫిన్ బండ్లు, చెత్త పడేసే మూలలు, ముఖ్యంగా ఫంక్షన్ హాళ్ల వెనకవైపు గమనించండి. పెళ్లి జరిగిన మర్నాడు పొద్దున ఆ విస్తళ్ల దగ్గర పది కుక్కలు చేరతాయి, తిండి దగ్గర ఉన్న కుక్క మామూలు కుక్క కాదు. కాలనీ దాటేదాకా సైకిల్ నడిపిస్తూ, కుక్కని చేత్తో పట్టుకుని వెళ్లండి. కారు ఉంటే ఇంకా మంచిది, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఏదో ఒక పొలం బాట దగ్గర దింపుకోవచ్చు. విశాఖలో ఉండేవాళ్లకి పొద్దున వాహనాలు ఆపేసే బీచ్ రోడ్డు ఉంది కదా అనుకుంటాం గానీ, నడిచేవాళ్లతో, పిల్లలతో కిక్కిరిసి ఉండే చోట సైకిల్ పక్కన కుక్క పనికిరాదు. మనుషులు లేని మట్టిబాటే దీనికి తగిన చోటు.

అన్నీ చూసుకున్నా ఎదురుపడితే? దిగండి. పారిపోవాలని తొక్కొద్దు. దిగి, మీ కుక్క లీష్‌ని సైకిల్ నుంచి విప్పి చేతిలోకి పొట్టిగా తీసుకుని, మీకూ వాటికీ మధ్య సైకిల్ అడ్డం పెట్టండి. సైకిల్‌ని అలా అడ్డం పెట్టుకుని మెల్లగా వెనక్కి నడిస్తే చాలా గుంపులు తమ హద్దు దగ్గర ఆగిపోతాయి. గట్టిగా, బొంగురు గొంతుతో ఒక్కసారి అరవండి, కీచుగా మళ్లీ మళ్లీ అరవొద్దు. రాయి తీసుకున్నట్టు కిందికి వంగండి. మన దేశంలో ఆ వంగడం తెలియని వీధికుక్క లేదు. నిజంగా విసరనక్కర్లేదు, విసిరితే రేపటినుంచి మీ సైకిల్‌ని గుర్తుపెట్టుకుంటాయి. కొందరు జేబులో బిస్కెట్లు పెట్టుకుని వేస్తుంటారు. మీరు ఒక్కరే వెళ్లే రోజుల్లో అలా మచ్చిక చేసుకుంటే మంచిదే, నేనూ అదే చేస్తాను. కానీ మీ కుక్క పక్కన ఉండగా బిస్కెట్ వేయొద్దు, ఆ తిండి కోసమే కొట్లాట మొదలవుతుంది.

ఆడకుక్క ఉన్నవాళ్లకి ఒక మాట: అది హీట్‌లో (ఎదకొచ్చి) ఉన్న రోజుల్లో సైకిల్ మాట తలపెట్టకండి. నాలుగు వీధుల మగకుక్కలు వెంట వస్తాయి.

ర్యాబిస్ టీకా మీ కుక్కకి ఏటా పడుతుండాలి. మీకో దానికో పన్ను దిగినా, గీరుకున్నా, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. తర్వాత మీరు ఆస్పత్రికి వెళ్లాలి, అది పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ‘మా కుక్కకి ముందే టీకా ఉంది’ అని ఊరుకోవద్దు, కరిచాక మళ్లీ బూస్టర్ వేస్తారు.

ఇప్పుడు సామాను. లీష్ హ్యాండిల్‌కి కట్టొచ్చా అన్నారు. వద్దు. పిల్లి కనబడి కుక్క ఒక్కసారి అటు దూకితే హ్యాండిల్ తిరిగిపోతుంది, మీరు పడే వైపు కుక్కే ఉంటుంది. చేతికి చుట్టుకోవడం అంతకంటే ప్రమాదం. మన సైకిళ్లలో సాధారణంగా కుడి లివర్ ముందు బ్రేకుది, ఎడమది వెనక బ్రేకుది. ఎడమ చేత్తో లీష్ పట్టుకున్నారంటే మీకు మిగిలింది ముందు బ్రేకు ఒక్కటే. కుక్క లాగిన కంగారులో దాన్ని గట్టిగా నొక్కితే ఎటు పడతారో వేరే చెప్పాలా.

కావాల్సింది సైకిల్ ఫ్రేముకి, సీటు కింది పైపు దగ్గరో వెనక చక్రం ఇరుసు దగ్గరో, బిగించే కడ్డీ. దాని లోపల స్ప్రింగో సాగే తాడో ఉంటుంది. కుక్క లాగినా ఆ కుదుపు సీటు కిందికే వస్తుంది, మీ బరువు దాన్ని ఆపుతుంది. ‘స్ప్రింగర్’, ‘వాకీ డాగ్’ లాంటి పేర్లతో ఆన్‌లైన్లో దొరుకుతాయి, వాటిని చూసి చేసిన చవక రకాలూ ఉన్నాయి. వెల్డింగ్ షాపులో ఇనుప పైపు వంచి చేయించుకున్నవాళ్లనీ చూశాను. పైపు గట్టిగానే ఉంటుంది, కానీ స్ప్రింగ్ లేకపోతే ప్రతి కుదుపూ నేరుగా కుక్క భుజాల మీద పడుతుంది. ఆ మాత్రం డబ్బు దగ్గర చూసుకోవద్దు. ఏది కొన్నా బయల్దేరే ముందు నట్లు బిగించి చూసుకోవడం అలవాటు చేసుకోండి, గతుకుల్లో అవి వదులవుతాయి.

ఎడమవైపే బిగించండి. విదేశీ వీడియోల్లో కుక్క కుడివైపు కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్లు రోడ్డుకి కుడి పక్కన పోతారు. మనం ఎడమ పక్కన పోతాం కాబట్టి మన కుక్క ఎడమనే ఉండాలి, లారీకీ కుక్కకీ మధ్య మీరుండాలి. చైను కుడివైపు ఉంటుంది కాబట్టి ఆ బెడదా తప్పుతుంది. ఒక్కటే, డిస్క్ బ్రేకుల సైకిల్ అయితే ఆ డిస్క్ ఎడమవైపే ఉంటుంది. బ్రేకు వేస్తూ వాలు దిగాక అది కాలిపోతూ ఉంటుంది, అంచు పదునుగా కూడా ఉంటుంది. కుక్క తోక, వెనక కాలు దానికి తగలనంత ఎడంగా కడ్డీ ఉందో లేదో సైకిల్ ఆపి ఉన్నప్పుడే చూసుకోండి. లీష్ పొడుగు ఎంతంటే, కుక్క ముక్కు ముందు చక్రాన్ని దాటిపోకూడదు, అది చక్రాల మధ్యకి దూరలేకపోవాలి.

మెడ బెల్టుకి కట్టొద్దు, గొలుసుకి అసలు వద్దు. ఛాతీ దగ్గర వై ఆకారంలో ఉండి భుజాలు స్వేచ్ఛగా ఆడనిచ్చే హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీల జోడు) కొనండి. ఛాతీకి అడ్డంగా పట్టీ వచ్చే రకం ముందరి కాళ్ల కదలికని పట్టేస్తుంది. మూతికి గుడ్డ బుట్ట కట్టి పరిగెత్తించడం అంటే రొప్పడం ఆపేయడమే, ఆ పని చేయొద్దు. మీ వైపునుంచి చెప్పాలంటే, రెండు కాళ్లూ నేలకి ఆనేలా సీటు దించుకోండి, పెడల్‌కి అతుక్కునే క్లీట్ బూట్లు ఆ పూటకి ఇంట్లో వదిలేయండి.

అలవాటు చేయడం గురించి చాలామంది తొందరపడతారు. మొదట సైకిల్ ఇంట్లో ఊరికే నిలబెట్టి, దాని పక్కనే అన్నం గిన్నె పెట్టండి. ఆ తర్వాత సైకిల్ నెట్టుకుంటూ కుక్కతో నడవండి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. మనం సైకిల్ నెట్టేటప్పుడు అలవాటుగా దాని ఎడమవైపు నిలబడతాం. కుక్క స్థానం కూడా అదే. కాబట్టి మీరు కుడివైపుకి మారి, మధ్యలో సైకిల్ ఉండేలా నెట్టాలి. మొదట్లో పెడల్ మోకాలికి తగులుతుంది, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది. ఈ దశలోనే ‘పద’, ‘మెల్లగా’, ‘ఆగు’, ‘వదిలెయ్’ అనే నాలుగు మాటలు నేర్పండి. ఇంట్లో అందరూ అవే మాటలు వాడాలి, ఒకరు ‘ఆగు’ అని ఇంకొకరు ‘స్టాప్’ అంటే దానికి అయోమయం. ఉడుత కనబడ్డప్పుడు ‘వదిలెయ్’ అంటే తల మీవైపు తిప్పుతోందా? అప్పుడు సైకిల్ ఎక్కండి. మీ దారిలో గుట్ట దగ్గర కోతులు కూడా ఉంటాయి, మేకల మందలు వస్తాయి. ఉడుతకే మాట వినని కుక్క కోతిని చూస్తే మిమ్మల్ని గుట్టెక్కించేస్తుంది.

దూరం విషయం త్వరగా చెప్పేస్తాను. మొదటి పది నిమిషాలు నడకే, వాసనలు చూసుకోనివ్వండి, కడుపు ఖాళీ చేసుకోనివ్వండి. మొదటివారం పరుగు రెండుమూడు నిమిషాలే, మధ్యలో నడక. వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ పోతే రెండు నెలలకి నాలుగైదు కిలోమీటర్లు హాయిగా వస్తుంది. రోజు విడిచి రోజు చాలు. వేగం గంటకి 10 నుంచి 13 కిలోమీటర్లు, అంటే అది ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు జతగా వేస్తూ ఒకే లయలో జాగ్ చేస్తుండాలి. దూకుతూ పరిగెత్తుతోందంటే మీరు వేగంగా పోతున్నట్టు. గుండె పుంజుకున్నంత త్వరగా అరికాళ్లు గట్టిపడవు, అందుకే మట్టిబాట మీదే ఎక్కువ, తారు మీద తక్కువ.

మీదానికి రెండేళ్లు కాబట్టి ఎముకల భయం లేదు. కుక్కపిల్లలు ఉన్నవాళ్లు మాత్రం ఆగాలి. ఎముకల చివర పెరిగే భాగం గట్టిపడటానికి చిన్న జాతులకి ఏడాది లోపు, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటివాటికి ఏడాదిన్నర దాకా పడుతుంది. ఈ రెండు జాతుల్లో తుంటికీలు సమస్య మామూలే కాబట్టి, మొదలుపెట్టేముందు డాక్టరు చేత చూపించి, అవసరమంటే ఎక్స్‌రే తీయించండి. లావుగా ఉన్న ల్యాబ్‌ని సన్నబడుతుందని సైకిల్ వెంట పరిగెత్తించేవాళ్లున్నారు. అది తిరగేసిన వైద్యం. ముందు తిండి తగ్గించి నడిపించండి.

పరుగు ఖాళీ కడుపుతోనే. వచ్చాక గంట ఆగి అన్నం పెట్టండి. కడుపు నిండా తిని పరిగెత్తితే, ముఖ్యంగా ఛాతీ లోతుగా ఉండే డాబర్మన్, గ్రేట్ డేన్ లాంటి జాతుల్లో, కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది. అది గంటల్లో ప్రాణం తీస్తుంది. నీళ్లు మాత్రం దారిలో పావుగంటకోసారి నాలుగు గుక్కలు ఇవ్వొచ్చు, గిన్నెడు ఒకేసారి వద్దు.

ఇంటికి రాగానే వేళ్ల సందులు చూడండి. పొలం బాటల్లో పల్లేరుకాయలు ఉంటాయి, మీ టైరునీ వదలవు, దాని పాదాన్నీ వదలవు. మీరు పంక్చర్ వేయించుకుంటారు, అది మాత్రం ముల్లుతోనే ఇంకో కిలోమీటరు వస్తుంది. చెవుల లోపల, మెడ మడతల్లో, తోక మొదట్లో గోమార్లు (పిడుదులు) ఉన్నాయేమో వేళ్లతో తడమండి. గోమార్ల వల్ల వచ్చే జ్వరం మన దగ్గర చాలా మామూలు. హుషారైన కుక్క ఉన్నట్టుండి డీలాపడి తిండి మానేస్తే ‘అలసిపోయిందిలే’ అనుకోకుండా రక్తపరీక్ష చేయించండి. వానల తర్వాత గుంటల్లో నిలిచిన నీళ్లు తాగనివ్వొద్దు, ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ జబ్బు క్రిములు ఆ నీళ్లలో ఉండొచ్చు. ఏటా వేయించే టీకాలో దీనికి కూడా ఉందో లేదో అడిగి కనుక్కోండి. మసక చీకట్లో గట్ల వెంట వెళ్లొద్దు, రక్తపింజరి కదలకుండా పడుకుని ఉంటుంది, కుక్క ముందు పెట్టేది ముక్కే.

ఇక షిట్జు. దాన్ని పరిగెత్తించొద్దు, చలికాలంలో కూడా. షిట్జు, పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి గాలి లోపలికి వెళ్లే దారే ఇరుకు, రొప్పడం సరిగా సాగదు. కానీ ఆరేడు కిలోల లోపు ఉంటే బుట్టలో కూర్చోబెట్టుకుని తిప్పొచ్చు. కూరగాయల బుట్ట లాంటిది హ్యాండిల్‌కి తగిలించడం కాదు, అడుగున గట్టి పలక ఉండి, పైన జాలీ మూత ఉండే పెట్స్ బుట్ట కావాలి. లోపల పొట్టి పట్టీ ఉంటుంది, దాన్ని హార్నెస్‌కి తగిలించండి. మెడ బెల్టుకి తగిలిస్తే దూకినప్పుడు ఉరి పడుతుంది. ముందు బుట్టలో అది కదిలిన ప్రతిసారీ హ్యాండిల్ ఊగుతుంది కాబట్టి, అంత బరువున్న బియ్యం సంచి పెట్టి మీ కాలనీలో ఒకటి రెండు చుట్లు తొక్కి చూసుకోండి. కొందరికి వెనక క్యారియర్ మీద పెట్టుకోవడమే నయమనిపిస్తుంది. ఏదైనా సరే, సైకిల్ స్టాండు వేసి కుక్కని బుట్టలో వదిలి టీకి వెళ్లొద్దు, స్టాండు దానికి ఆగదు. ఇండీని కూడా ఆపిన సైకిల్‌కి కట్టొద్దు. సైకిల్ పడిన చప్పుడుకి బెదిరి, ఆ సైకిల్‌ని ఈడ్చుకుంటూ రోడ్డెక్కేస్తుంది. రెండిటినీ ఒకే రోజు, ఒకే సైకిల్ మీద మాత్రం వద్దు, ఒకటి పక్కన పరిగెత్తుతుంటే బుట్టలోది ఊరుకోదు.